కళ్లు మూసుకుని మింగే కీటోస్

కాలిమ్నోస్,
1987 మార్చి 3

స్కేవోస్‌కి,

1951లో ఈస్టర్ వెళ్లిన రెండో సోమవారం, రేవులో, సముద్రం అడుగున స్పంజీలు కోసే నీ పడవ పక్కన నిలబడి, సెయింట్ నికొలాస్ పటం మీద కుడి చెయ్యి ఆనించి నువ్వు నాతో ఇలా అన్నావు: "అన్నయ్యా, ద్రోసోస్ పడవ మీదే ఉంటాడు. స్పంజీలు తొక్కి కడుగుతాడు, తాళ్లు చుడతాడు, అంతే. నీళ్ల అడుక్కి దిగేవాళ్ల రాగి టోపీ వాడి తలకి తగలనివ్వను. ఈ ఒక్క వేసవీ నాకు వదిలెయ్యి. తర్వాత ఏథెన్సు పంపించి ప్రొఫెసర్ని చేసుకుంటావో, పురోహితుణ్ని చేసుకుంటావో నీ ఇష్టం."

నాకు డెబ్బై తొమ్మిదేళ్లు. పొద్దున తిన్నదేమిటో మధ్యాహ్నానికి గుర్తుండటం లేదు. ఈ మాటల్లో మాత్రం ఒక్కటి కూడా పోలేదు. జూలైలో ఆ రాగి టోపీని నా కొడుకు తలకి నీ చేతులతోనే బిగించావు. అక్టోబరులో నువ్వు వచ్చావు, వాడు రాలేదు. ఆఫ్రికాలో, డెర్నా తీరంలో సముద్రపు రాకాసి మింగిందన్నావు. అప్పటి నుంచి మన మధ్య ఉత్తరం ముక్క లేదు. ఇప్పుడు రాస్తున్నది ప్రేమ పుట్టుకొచ్చి కాదు, కంగారు పడకు.

మన మేయరు పాత గిడ్డంగిలో సముద్ర ప్రదర్శనశాల పెడుతున్నాడు. దానికొక చిన్న పుస్తకం కావాలట: పూర్వకాలపు రాకాసుల నుంచి మన తాతలు చూశామని చెప్పుకున్న వాటి దాకా. ఈ దీవిలో పాత గ్రీకును పెదాలు కదపకుండా చదవగలిగినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను గనుక పని నాకు అంటగట్టారు. వాళ్లిచ్చిన కాగితాల కట్టలో నువ్వు పిరేయస్ నుంచి పంపిన సాక్ష్యం ఉంది. నీ రాగి టోపీని కూడా ప్రదర్శనకి ఇస్తానన్నావట. ఎంత ఉదారుడివి!

నీ సాక్ష్యంలోంచి ఎత్తి రాస్తున్నాను: "ఇరవై ఎనిమిది బారల లోతు. పడవ మీంచి, అడుగున అద్దం ఉన్న డబ్బాలోంచి చూస్తున్నాను. పంది మూతి, సీలు మెడ, తోక చివర రెండుగా చీలింది. మావాణ్ని నడుం దాకా నోట కరుచుకుంది. మింగేటప్పుడు కళ్లు మూసుకుంది."

స్కేవోస్, ఇరవై ఎనిమిది బారల అడుగున రాకాసి కనురెప్పలు కనిపించాయా నీకు? నాకు ఎదురుగా ఉన్న చర్చి గడియారం కనిపించడం లేదు. స్కిల్లా అనే రాకాసి గురించి రాసిన పెద్దలకి ఆరు మెడలు, మూడు వరసల పళ్లు కనిపించాయి గాని రెప్పలు కనిపించలేదు.

నేను నిన్ను అడిగేది ఒక్కటే. మే తొమ్మిదిన మీ వదిన ఎముకలు పైకి తీస్తున్నాం. ఆవిడ పోయి మూడేళ్లు నిండుతున్నాయి, ఆనవాయితీ ప్రకారం సమాధి తవ్వాలి. ద్రాక్షసారాతో కడిగి పెట్టెలో పెట్టి ఎముకల గదిలో ఉంచాలి. ఆ పెట్టెలో వాళ్లమ్మ పక్కన ద్రోసోస్ ఉండాలి. మీ పడవల వాళ్లు చచ్చిపోయినవాళ్లని ఆఫ్రికా ఒడ్డున ఇసకలో పాతి, తెడ్డు విరిచి సిలువ పెడతారని ఊరందరికీ తెలుసు. వాణ్ని ఎక్కడ పాతావు? ఊరి పేరు, కొండ గుర్తు, ఒడ్డు నుంచి ఎన్ని అడుగులు? అంతే చెప్పు. వెళ్లి తెచ్చే మనుషుల్ని నేను చూసుకుంటాను.

థెమెలిస్

*

పిరేయస్,
1987 మార్చి 17

మాస్టారికి,

నీ కవరు చూసి మా కోడలు, "ఎవరు పోయారు మామయ్యా?" అంది. నీ దస్తూరి చూస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది. ఎవరూ పోలేదమ్మా, పోవాల్సినవాడే రాశాడని చెప్పాను.

మూడో తరగతి చదివినవాణ్ని, నీకు దీటుగా రాయలేను. రెండు మాటలు చెబుతాను. రాకాసి మింగింది. ముప్పై ఆరేళ్లుగా అదే చెప్పాను, పోయేదాకా అదే చెబుతాను. అచ్చేసుకుంటే వేసుకో, చింపేసుకుంటే చింపేసుకో. సమాధి లేదు. తెడ్డు లేదు. గుర్తు లేదు.

నీ ఎత్తు నాకు తెలియదనుకోకు. ఎముకల పేరు చెప్పి నా నోటితో ఒక మాట అనిపించాలి. ఆ మాట నీ పుస్తకంలో ఎక్కించాలి. ఊళ్లో పిల్లలందరూ వరసగా నిలబడి నా టోపీ ముందు, "వీడేరా అన్న కొడుకుని తిన్న కెప్టెను" అనాలి. అందుకే టోపీ ఇవ్వనని మేయరుకి ఫోన్ చేసి చెప్పేశాను. అది మా వంటింట్లో కిటికీ మీద ఉంది. మనవరాలు అందులో ఉల్లిపాయలు పెడుతోంది. ఉల్లిపాయలకి నీకన్నా మర్యాద తెలుసు.

ఇంకో సంగతి. ఆరు మెడలు, మూడు వరసల పళ్లు అని రాశావు. నీ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చున్న ప్రతివాడికీ ఆ లెక్క కంఠతా వచ్చు. రొట్టె తుంచితే రాకాసి, చేప ముల్లు తీస్తే రాకాసి. వదిన వండినది చల్లారిపోయేది, నీ ఖరిబ్డిస్ రోజుకి మూడు సార్లు సముద్రాన్ని మింగి కక్కడం మాత్రం ఆగేది కాదు. ఆ బల్ల దగ్గర ఇంకెవరూ నోరు తెరిచిన గుర్తు నాకు లేదు.

వదిన ఆత్మకి శాంతి. ఆవిడ పోయినప్పుడు నాకు కబురు పెట్టలేదు నువ్వు. రేవులో చేపలమ్మేవాడు చెబితే తెలిసింది.

స్కేవోస్

*

కాలిమ్నోస్,
1987 ఏప్రిల్ 4

స్కేవోస్‌కి,

ఉల్లిపాయల సంగతి చదివాను. ఆ టోపీకి అంతకన్నా తగిన పని దొరకదు. అందులో పెట్టినది చెడిపోకుండా బయటికి వస్తే చాలు.

ఇక్కడ సంగతులు. ప్రదర్శనశాలకి సున్నపు బొమ్మలు చేసేవాడు స్కిల్లాని తయారు చేశాడు. బంగారు జుట్టు, నవ్వు ముఖం, చేప తోక. "ఆరు తలలేవయ్యా?" అన్నాను. "ఆరు తలలైతే తలుపులోంచి పట్టదు మాస్టారూ," అన్నాడు. "నడుం చుట్టూ మొరిగే కుక్కలేవి?" "కుక్కలంటే పిల్లలు భయపడతారండీ." మేయరు పక్కనుంచి, "పోనిద్దురూ, మీ పుస్తకంలో మొరిగించండి," అని నవ్వాడు. వీళ్ల తాతలు రాకాసుల్ని చూసి పటం ముందు మోకరిల్లేవాళ్లు. వీళ్లు వాటికి జుట్టు దువ్వుతున్నారు.

నెల రోజులుగా నీ రాకాసి కనురెప్పల కోసం వెతికాను. నవ్వుకో. బండకి కట్టేసిన రాజుగారి కూతురి మీదికి వచ్చిన సముద్రపు రాకాసి కీటోస్ గురించి పాతవాళ్లు రాసిన ప్రతి ముక్కా తిరగేశాను. పంది మూతి ఉంది. చీలిన తోక కుండల మీద బొమ్మల్లో ఉంది. సీలు మెడ ఒకచోట దొరికింది. మూడో తరగతి చదివినవాడికి ఇన్ని ఎలా తెలిశాయా అని ఆశ్చర్యపోయాను. కళ్లు మూసుకోవడం మాత్రం ఎక్కడా లేదు.

మొన్న గడ్డం గీసుకుంటుంటే గుర్తొచ్చింది. చెంప కోసుకున్నాను.

అది ఏ పెద్దవాడూ రాయలేదు. నేనే కల్పించాను. ద్రోసోస్‌కి అయిదేళ్లు, తట్టు పోసింది, ఒళ్లు కాలిపోతోంది. కథ చెప్పమన్నాడు. కీటోస్ నోరు తెరిచేసరికి వాడు గుక్కపట్టాడు. వాణ్ని ఊరుకోబెట్టడానికి, "అది మింగేటప్పుడు కళ్లు మూసుకుంటుందిరా," అన్నాను. "ఎందుకు నాన్నా?" "తినేది చిన్నపిల్లాణ్నయితే దానికీ చూడబుద్ధి కాదు." వాడు నిద్రపోయాడు. నా జీవితంలో నేను చేసిన అబద్ధపు పాండిత్యం అదొక్కటే.

కాబట్టి స్కేవోస్, నీ రాకాసి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. మా వాడు నీ పడవ మీద స్పంజీలు తొక్కుతూ నేను చెప్పిన కథలు మీకు చెప్పి ఉంటాడు. మీరు నవ్వి ఉంటారు. తర్వాత వాడు పోయాక, వాడి కథే దొంగిలించి, వాడి చావు మీద కప్పి, రేవులో వాళ్లమ్మ ముఖం మీద విసిరేశావు. ఆవిడ నిలబడి విన్నది. ఏడవలేదు కూడా. రాయిలా అయిపోయింది. ఆ తర్వాత నేనెప్పుడు ఆ మాట ఎత్తినా గదిలోంచి లేచి వెళ్లిపోయేది. నువ్వామెని అలా చేశావు.

పుస్తకం ఈస్టర్ తర్వాత అచ్చుకి వెళుతుంది. సమాధి ఎక్కడో చెబితే నీ పేరు అందులో ఉండదు. చెప్పకపోతే నీ సాక్ష్యం కింద నేనొక వాక్యం చేరుస్తాను: "ఈ కెప్టెను దేవుడి పటం మీద ఒట్టు పెట్టి అన్న కొడుకుని చంపాడు. అన్న కథతోనే ఆ సంగతి దాచాడు." కాస్త పొడవైన వాక్యం, కానీ తప్పులేదు.

థెమెలిస్

*

పిరేయస్,
1987 ఏప్రిల్ 23

అన్నయ్యా,

క్రీస్తు లేచాడు. ఈ వారమంతా అందరూ అందరితో ఆ మాట అంటారు కాబట్టి నీతోనూ అంటున్నాను. బదులు చెప్పకపోయినా ఫరవాలేదు.

నీ ఉత్తరం పండగ ముందే వచ్చింది. పవిత్ర వారంలో నీకు బదులు రాస్తే నాకే పాపమని ఆగాను. దొంగిలించానన్నావు. నన్ను హంతకుణ్నన్నావు, పడ్డాను. దొంగనంటే పడను. ఆ పిల్లాడు పడవ మీద ఒక్కనాడు నీ కథలు చెప్పలేదు. "మీ నాన్న ఏమేం చెబుతాడ్రా?" అని ఎవడైనా అడిగితే, "ఇక్కడికొచ్చిందే అవి వినకుండా ఉండటానికి," అనేవాడు. ఈలవేసుకుంటూ పని చేసేవాడు. వాడికి ఈల వచ్చని నీకు తెలుసా?

మొదటి నుంచీ చెబుతాను. కూర్చుని చదువు.

నేను పటం మీద చెయ్యి పెట్టి నీకు మాటిచ్చింది సోమవారం. బుధవారం బయల్దేరాలి. మంగళవారం పొద్దున, నువ్వు బడికి వెళ్లాక, వదిన పడవ దగ్గరికి వచ్చింది. చేతిలో మూట. మూటలో రాగి టోపీ పెట్టుకునేవాడు లోపల తొడుక్కునే మందపాటి ఉన్ని బట్టలు: చొక్కా, మేజోళ్లు, కుచ్చు టోపీ. చలికాలమంతా పక్కింట్లో కూర్చుని అల్లిందట, నీ కంట పడకుండా.

"వాడు దిగుతాడు, దిగనివ్వు," అంది.

"అన్నయ్యకి మాటిచ్చాను వదినా, పటం మీద."

"పటం సంగతి నేను చూసుకుంటాను. ఆ ఇంట్లో వాడికి ఊపిరాడటం లేదు స్కేవోస్. నీళ్ల కిందైనా ఆడుతుందేమో చూడు."

అందుకే బిగించాను. వాడు బాగా దిగేవాడు. చెయ్యి తిరిగిన వాళ్లకన్నా నెమ్మదిగా, చూసుకుంటూ. జూలై పంతొమ్మిదిన ఎక్కువసేపు ఉండిపోయాడు. పైకొచ్చాడు, టోపీ విప్పాము, నవ్వాడు, నిలబడబోయి పడ్డాడు. లోతులో ఎక్కువసేపు ఉంటే వచ్చే జబ్బే, నడుం నుంచి కిందికి చచ్చుబడిపోయింది.

అలాంటప్పుడు ఏం చేస్తామో నీకు తెలుసు. మన నాన్నకి చేశారు, మావయ్యకి చేశారు. ఒడ్డుకి తీసుకుపోయి వేడి ఇసకలో ఛాతీ దాకా పాతిపెట్టాం. ఆ వేడికి కాళ్లలోకి నెత్తురు తిరిగొస్తుంది. చాలామందికి వచ్చింది. పైన అంతా రాళ్లు, ఇసక ఉన్నది నీటి అంచు దగ్గరే. నా చేతులతోనే తవ్వాను. రెండు తెడ్లు పాతి తెరచాప గుడ్డ నీడగా కట్టాను. నీళ్లు తాగించాను. మోసుకొచ్చిన ఇద్దరినీ పడవకి పంపేసి నేనొక్కణ్నే వాడి దగ్గర కూర్చున్నాను. "కుడి బొటనవేలు చిమచిమలాడుతోంది బాబాయ్," అన్నాడు. ఎగిరి గంతేశాను.

అప్పుడు ఉత్తరపు గాలి లేచింది. పడవ లంగరు జారి రాళ్ల వైపు కొట్టుకొస్తోంది. వాళ్లు చొక్కాలు విప్పి ఊపుతున్నారు. పడవ మీద ఏడుగురు, నీళ్ల అడుగున టోపీతో ఇంకొకడు. వాడి గాలిగొట్టం పడవలో ఉంది. పడవ రాళ్లకి తగిలితే వాడూ పోతాడు. కెప్టెను ఒడ్డు మీద కూర్చున్నాడు.

నేను కదల్లేదు. ద్రోసోసే అన్నాడు: "వెళ్లు బాబాయ్. నేనెక్కడికి పోతాను?"

అరగంట అనుకున్నాను. పడవని లాగి, అడుగునున్నవాణ్ని పైకి తీసి, లంగరు మళ్లీ దించేసరికి అలలు ఒడ్డెక్కేశాయి. చిన్న పడవ రెండుసార్లు తిరగబడింది. ఈదుకుంటూ వెళ్లాను. తెడ్లున్నాయి, గుడ్డ ఉంది, వాడు లేడు. నేను తవ్విన గొయ్యి కూడా లేదు, చదునుగా ఉంది. మూడు రోజులు వెతికాం, అలలు వాణ్ని ఎటు లాక్కెళ్లాయో తెలియలేదు.

అందుకని సమాధి లేదు. నువ్వు నమ్మలేదు గాని, ఆ ఒక్క ముక్క నీకు నిజమే రాశాను.

అక్టోబరులో తిన్నగా రేవుకి రాలేదు. పడవని దీవి వెనకాల వాథీలో ఆపి, కొండ దిగి మీ ఇంటికి వచ్చాను. నువ్వు బడిలో ఉన్నావు. వదిన పెరట్లో టమాటాలు ఎండబెడుతోంది. అంతా చెప్పాను. నిలబడే విన్నది. ఆవిడ ఏడుపు అప్పుడే, అక్కడే అయిపోయింది. తర్వాత తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుని, "ఇది ఆయనకి తెలియకూడదు," అంది. "వాడు ఇసకలో ఇరుక్కుని అలల్ని చూస్తూ పోయాడని తెలిస్తే ఈయన బతకడు. నేను దిగనిచ్చానని తెలిస్తే నన్ను బతకనివ్వడు. రాకాసి మింగిందను."

"అన్నయ్య నమ్మడు వదినా. అన్నీ చదివినవాడు."

"ఎలాంటి రాకాసో నేను చెబుతాను," అంది. "ఇరవై ఏళ్లు వడ్డిస్తూ విన్నాను."

మూతి, మెడ, తోక చెప్పింది. నాతో మళ్లీ మళ్లీ చెప్పించింది, బడిపిల్లాడిలా. నేను వెళ్లబోతుంటే వెనక్కి పిలిచి, "మింగేటప్పుడు కళ్లు మూసుకుందని చెప్పు. అది మరిచిపోకు," అంది. ఎందుకని అడగలేదు. ఇప్పుడు నీ ఉత్తరం చూస్తే తెలిసింది.

ఆ సాయంత్రం రేవులో నువ్వు చూసింది రాయి కాదు. తను రాసిచ్చిన పాఠం నేను సరిగ్గా ఒప్పజెబుతున్నానో లేదో అని చూస్తున్న మనిషి.

నీకిచ్చిన మాట నేను తప్పలేదు, ఆవిడ విడిపించింది. ఆవిడకిచ్చిన మాట ఈ రోజు తప్పుతున్నాను. నా బతుకులో మాట తప్పడం ఇదే.

టోపీ పంపిస్తాను, కావాలంటే. ఉల్లిపాయల వాసన వస్తే తిట్టుకోకు.

నీ తమ్ముడు
స్కేవోస్

*

కాలిమ్నోస్,
1987 మే 12

తమ్ముడూ,

ఆ మాట రాయడానికి మూడు కాగితాలు పాడుచేశాను. చదువుకుని పొంగిపోకు. నువ్వు అరగంట అనుకున్నావు. ఉత్తరపు గాలిని పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాడివి, నీటి అంచున పాతావు. పైన రాళ్లయితే రాళ్లు ఏరాల్సింది. అది నీ ఖాతాలోంచి పోదు. కానీ నేను నీమీద వేసిన బరువులో అది నాలుగో వంతు కూడా కాదు. మిగిలింది ఎక్కడ దించాలో తెలియక రెండు వారాలు దాన్ని మోసుకుని తిరిగాను.

పుస్తకం అచ్చుకి వెళ్లింది. నీ సాక్ష్యం అక్షరం మార్చకుండా వేయించాను, కింద ఏ వాక్యమూ లేదు. పండితుడెవడైనా చదివితే కనురెప్పల గురించి అడుగుతాడు. అడగనీ. నా కొడుకు ఇసకలో కదలలేక కూర్చుని నీ కోసం చూస్తూ పోయాడని ఈ ఊరివాళ్లు కాఫీ తాగుతూ చదవక్కర్లేదు.

టోపీ పంపకు. ఉల్లిపాయలకే ఉండనీ.

శనివారం ఎముకలు తీశారు. మా అమ్మాయి పొథితి, ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు, పాద్రి, నేను. పుర్రె ముందు వచ్చింది. పొథితి దాన్ని తెల్లగుడ్డలో అందుకుని ముద్దు పెట్టుకుంది. ఎముకలన్నీ మైనం రంగులో, శుభ్రంగా ఉన్నాయి. మన ఆడవాళ్ల లెక్క నీకు తెలుసు. నల్లగా వస్తే పాపాత్మురాలు, పసుప్పచ్చగా వస్తే పుణ్యాత్మురాలు. "చూడండి మాస్టారూ, తేనె రంగు! ఒక్క మచ్చ లేదు," అని పక్కింటావిడ నాకు చూపించింది. చలికాలమంతా మీ వదిన ఆవిడ ఇంట్లోనే అల్లింది కదా ఆ ఉన్ని బట్టలు. ఆవిడకీ తెలుసన్నమాట. అందరికీ తెలుసు. నాకు మాత్రం తెలిసినవి ఆరు మెడలు, మూడు వరసల పళ్లు.

ద్రాక్షసారా పోసి నేనే కడిగాను. మామూలుగా అది ఆడవాళ్ల పని. నేను కడుగుతానంటే ముఖాలు చూసుకుని పక్కకి జరిగారు. వేళ్ల ఎముకలు ఎంత చిన్నవో. ఆ వేళ్లతో అల్లింది, ఆ వేళ్లతో నాకు ముప్పై మూడేళ్లు ఉప్పు అందించింది. నేను బల్ల దగ్గర నిన్ను తిడుతుంటే ఎదుటి కుర్చీలో కూర్చుని రొట్టె కోసింది. "అతన్ని ఇక వదిలెయ్యండి," అని ఒక్కసారైనా అనలేదు. అని ఉంటే నేను ఎందుకని అడిగేవాణ్ని. అందుకే అనలేదు.

వాణ్ని దిగనిచ్చిందని కాదు నా బాధ. ఊపిరాడటం లేదన్న మాట, నువ్వు రాసినప్పటి నుంచి నా దగ్గరే ఉంది, దానికి నేను జవాబు వెతకడం లేదు. అబద్ధం చెప్పిందని కూడా కాదు. అబద్ధాన్ని నా సొంత కథతో అల్లింది. తట్టు పోసిన పిల్లాడి మంచం దగ్గర నేను చెప్పిన మాటని తలుపు పక్కన నిలబడి విని, దాచుకుని, పదిహేనేళ్ల తర్వాత తీసి నాకే పంపింది. నేను గుర్తుపట్టాలనే పంపిందేమో. ఒక్కసారి తల తిప్పి, "అది నువ్వు చెప్పించిందేనా?" అని అడుగుతానేమోనని ముప్పై మూడేళ్లు ఎదురుచూసిందేమో. అలా అయితే మరీ అన్యాయం. నేను మందమతినని తెలిసీ పెట్టిన పరీక్ష అది. తను ఒక్కతీ పెరట్లో ఏడ్చేసుకుంది. నాకు ఏడవడానికి వాడి చావు ఇవ్వలేదు, రాకాసినిచ్చింది.

ఆనవాయితీ ప్రకారం అందరూ ఒక్కొక్కరుగా పెట్టె దగ్గరికి వచ్చి, "దేవుడు ఆమెని క్షమించుగాక," అన్నారు. నా వంతు వచ్చింది.

"నాన్నా, అను," అంది పొథితి.

"గొంతు పట్టేసింది."

"నీకు గొంతు పట్టేయడమా? అను నాన్నా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

పాద్రి దగ్గి, నా బదులు తనే అనేశాడు.

పెట్టె మీద పేరు రాసేవాడు కుంచె రంగులో ముంచి, "ఏం రాయమంటారు మాస్టారూ? ఒక పేరా, రెండా?" అని అడిగాడు. రెండని ముందే చెప్పి ఉంచాను వాడికి. ఒకటే అన్నాను. కుంచె నాకివ్వమన్నాను. మీ వదిన పేరు రాశాను, అక్షరాలు కుదిరాయి. ముప్పై ఆరేళ్లు నీ పేరుతో పిలిచిన కోపానికి అసలు పేరు అది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ కోపంతో పిలవలేదు, ఇప్పుడు పిలిస్తే పలకదు.

సెవస్తి.

థెమెలిస్